చవక స్పార్క్లింగ్ వైన్‌ని రుచి చూడటం, కాక్‌టెయిల్‌లో వాడటం ఎలా?

పుట్టినరోజుకో, కొత్త సంవత్సరానికో ఇంట్లో ఒక స్పార్క్లింగ్ వైన్ (బుడగలు వచ్చే వైన్) బాటిల్ తెరుద్దామనుకునేవాళ్లు తరచూ అడిగేవి రెండే ప్రశ్నలు. "తక్కువ ధరలో ఏది కొనాలి?" అన్నది ఒకటి. "కాక్‌టెయిల్‌కే కదా, ఏదైనా పర్లేదా?" అన్నది రెండోది. మొదటిదానికి జవాబు కింద వివరంగా చెబుతాను. రెండోదానికి మాత్రం పర్లేదని చెప్పలేను. చవక బాటిల్‌తో చాలా మంచి కాక్‌టెయిల్ వస్తుంది. కానీ ముందు ఆ వైన్‌ని ఏమీ కలపకుండా రుచి చూడాలి. తీపి ఎంత, పులుపు ఎంత, చివర్లో చేదు తగులుతోందా అన్నవి తెలిస్తేనే ఆ బాటిల్‌ని దేనికి వాడాలో తేలుతుంది. చాలామంది ఈ పని చేయకుండా నేరుగా జ్యూస్ పోసేస్తారు. తీపి వైన్‌లో తీపి జ్యూస్ పడుతుంది, తాగినవాళ్లు సగం గ్లాసు వదిలేస్తారు, తప్పంతా చవక బాటిల్ మీదికి పోతుంది.

ఇదంతా 21 ఏళ్లు నిండినవాళ్ల కోసమే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, అమెరికా మూడు చోట్లా చట్టం చెప్పే వయసు అదే.

చవక అంటే ఎంత? అమెరికాలో ఉన్నవాళ్లకు 10 నుంచి 15 డాలర్లు. ఆ ధరలో స్పెయిన్‌లో చేసే కావా, ఇటలీలో చేసే ప్రొసెకో అనే స్పార్క్లింగ్ వైన్‌లు బాగానే దొరుకుతాయి. హైదరాబాద్‌లో లెక్క వేరు. దిగుమతి సుంకం, దానిమీద రాష్ట్ర పన్ను కలిసి అదే కావా వైన్ చవక కాకుండా పోతుంది. ఇక్కడ మీ డబ్బుకు తగిన బాటిల్ నాసిక్ నుంచి వచ్చేదే. సూలా, షాన్‌డాన్ కంపెనీలు రెండూ ఆ జిల్లాలోనే స్పార్క్లింగ్ వైన్ చేస్తాయి. బెంగళూరు దగ్గర నంది కొండల ప్రాంతంలో మొదలైన గ్రోవర్ జంపా పేరుతో కూడా స్పార్క్లింగ్ ఉంది. షాంపేన్ జోలికి ఈ వ్యాసంలో వెళ్లడం లేదు. అంత డబ్బు పోసి కొన్నదాన్ని ఆరెంజ్ జ్యూస్‌లో కలపడం వృథా అని నా గట్టి అభిప్రాయం.

కావాల్సినవి

- స్పార్క్లింగ్ వైన్, 750 మి.లీ. బాటిల్ ఒకటి. రెండు రకాలు కొంటే పోల్చి చూడొచ్చు, చాలా తేలిగ్గా నేర్చుకుంటారు.
- మామూలు వైట్ వైన్ గ్లాసులు. సన్నగా పొడుగ్గా ఉండే ఫ్లూట్ గ్లాసులు అక్కర్లేదు. చూడ్డానికి బాగుంటాయి గానీ వాటిలో వాసన సరిగ్గా అందదు.
- ఐస్, నీళ్లు, గుప్పెడు ఉప్పు, బాటిల్ మెడదాకా మునిగే బకెట్
- మందంగా ఉన్న పొడి తువ్వాలు
- 30 మి.లీ., 60 మి.లీ. గీతలున్న పెగ్ మెజర్
- సన్నటి జల్లెడ, పొడుగు చెంచా
- స్పార్క్లింగ్ వైన్ కోసమే చేసిన, రెండు వైపులా పట్టుకునే క్లిప్పులున్న మూత. మామూలు వైన్ మూత ఒత్తిడికి ఎగిరిపోతుంది.
- ఉప్పు వేసి వేయించిన పల్లీలో, జీడిపప్పో కొద్దిగా. ఇవి రుచి చూసేటప్పుడు పనికొస్తాయి.

1. కొనేముందు లేబుల్ చదవండి

అన్నిటికంటే ముందు తీపిని చెప్పే మాట కోసం వెతకండి. లీటరుకు ఎన్ని గ్రాముల చక్కెర ఉందో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది.

- బ్రూట్ నేచర్: 3 గ్రాములలోపు
- ఎక్స్‌ట్రా బ్రూట్: 6 గ్రాముల వరకు
- బ్రూట్: 12 గ్రాముల వరకు
- ఎక్స్‌ట్రా డ్రై: 12 నుంచి 17
- డ్రై లేదా సెక్: 17 నుంచి 32
- డెమి సెక్: 32 నుంచి 50

ఎక్కువమంది మోసపోయేది ఎక్స్‌ట్రా డ్రై దగ్గరే. పేరు చూసి అస్సలు తీపి ఉండదనుకుంటారు. నిజానికి అది బ్రూట్ కంటే తియ్యగా ఉంటుంది. ప్రొసెకో బాటిళ్లలో చాలావాటి మీద ఈ మాటే ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా చూడండి. కాక్‌టెయిల్ కోసమైతే కళ్లు మూసుకుని బ్రూట్ తీసుకోండి. తీపి తక్కువైతే మీరు కలుపుకోవచ్చు, ఎక్కువైతే తీసేయలేరు.

తర్వాత తయారీ పద్ధతి చూడండి. ప్రొసెకోలో బుడగలు పుట్టించే రెండో పులియబెట్టడం పెద్ద స్టీలు ట్యాంకులో జరుగుతుంది. అందుకే అది చవక, అందుకే తాజా పండు వాసన. కావా వైన్‌లో ఆ పని ఒక్కో బాటిల్‌లోనే జరుగుతుంది, కనీసం 9 నెలలు ఈస్ట్ మడ్డితో కలిసి ఉంటుంది. దానివల్ల కాల్చిన బ్రెడ్, బాదం లాంటి వాసన వస్తుంది. కావా మీద "రిసెర్వా" అని ఉంటే కనీసం 18 నెలలు ఉంచారని అర్థం. రెండు మూడు డాలర్లు ఎక్కువైనా ఉత్తగా తాగడానికి అదే కొనండి, కాక్‌టెయిల్‌కి మాత్రం మామూలుది చాలు. ఫ్రాన్స్‌లోనే షాంపేన్ ప్రాంతం బయట ఇదే పద్ధతిలో చేసేదాన్ని క్రెమాన్ అంటారు. 15 డాలర్లకు కాస్త అటూ ఇటూగా దొరికితే వదలొద్దు.

లేబుల్ మీద "కార్బొనేటెడ్" అని కనిపిస్తే అందులో గ్యాస్ బయటినుంచి ఎక్కించారన్నమాట, సోడాలో ఎక్కించినట్టు. పెద్ద బుడగలు రెండు నిమిషాల్లో పోతాయి. నేనైతే కొనను.

షాపులో బాటిల్ ఎంచుకునేటప్పుడు ఇంకో జాగ్రత్త. కిటికీ పక్కనో, ట్యూబ్‌లైట్ కిందో నెలల తరబడి నిలబెట్టిన బాటిల్ తీసుకోవద్దు. వెలుతురు తగిలితే వైన్‌కి ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది. తెల్ల గాజు బాటిల్‌కి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. లోపలి అరలోదో, అట్టపెట్టెలోదో ఇమ్మని అడగండి. మన దగ్గర అమ్మే బాటిళ్ల మీద ప్యాక్ చేసిన నెల, సంవత్సరం ఉంటాయి. చవక స్పార్క్లింగ్ దాచుకుంటే బాగుపడేది కాదు, కొత్తదే మంచిది. ఎండాకాలంలో కొన్న బాటిల్‌ని కారులో వదిలేసి వేరే పనికి వెళ్లొద్దు.

2. బాగా చల్లబరచండి

వైన్ 6 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఫ్రిజ్ కింది అరలో నాలుగు గంటలు పెడితే సరిపోతుంది. తలుపు అరలో పెట్టకండి, తీసినప్పుడల్లా కుదుపు తగులుతుంది.

టైమ్ లేకపోతే బకెట్‌లో సగం ఐస్, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి బాటిల్‌ని మెడదాకా ముంచండి. అరగంటలో తయారు. నీళ్లు లేకుండా ఐస్ ఒక్కటే వేయడం చాలామంది చేసే పొరపాటు. ముక్కల మధ్య గాలి ఉండిపోతుంది, బాటిల్ సరిగ్గా చల్లబడదు.

హెచ్చరిక: ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే బాటిల్ పగులుతుంది. తప్పనిసరైతే ఫోన్‌లో 20 నిమిషాల అలారం పెట్టుకుని మరీ పెట్టండి.

చల్లదనానికి ఇంత పట్టుదల ఎందుకంటే, వెచ్చటి వైన్‌లోంచి గ్యాస్ ఒక్కసారిగా బయటికి వస్తుంది. బిరడా ఎగురుతుంది, వైన్ పొంగి నేలపాలవుతుంది, మిగిలినది చప్పగా ఉంటుంది. కాక్‌టెయిల్‌లో కలిపే మిగతావన్నీ కూడా ముందే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

3. చప్పుడు లేకుండా తెరవండి

బాటిల్ లోపల ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెండింతలు దాటి ఉండొచ్చు. బిరడా కంటికి తగిలితే చూపు పోయే ప్రమాదం నిజంగానే ఉంది. సినిమాల్లో చూపించినట్టు ఊపి పేల్చడం వద్దు.

రేకు తీసేయండి. బొటనవేలు బిరడా మీద పెట్టి, అక్కడినుంచి బాటిల్ పూర్తిగా తెరుచుకునేదాకా ఆ వేలు తీయొద్దు. వైరు చివరను ఆరు అర తిప్పులు తిప్పితే వదులవుతుంది. వైరుని పూర్తిగా తీసేయకుండా దానితో కలిపే బిరడాని తువ్వాలుతో గట్టిగా పట్టుకోండి. బాటిల్‌ని 45 డిగ్రీలు వంచి, మనుషులు, ఫ్యాను, లైటు లేని వైపుకి తిప్పండి. ఇప్పుడు బిరడాని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో బాటిల్ అడుగును పట్టుకుని తిప్పండి. బిరడా తనంతట తానే పైకి వస్తుంది. దాన్ని బయటికి లాగకుండా, పైకి వస్తున్నకొద్దీ అదిమి పట్టుకోవాలి. చివర్లో "ఉస్స్" అని చిన్న శబ్దం వస్తే సరిగ్గా చేసినట్టే.

బిరడా కదలకపోతే, గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డని బాటిల్ మెడ చుట్టూ కాసేపు చుట్టి మళ్లీ ప్రయత్నించండి. కార్క్ స్క్రూ మాత్రం ఎప్పుడూ గుచ్చకండి. పొంగుతుంటే బాటిల్‌ని నిలబెట్టకుండా వంచే ఉంచండి, నురగ తొందరగా అణుగుతుంది.

4. గ్లాసులో పోయండి

గ్లాసుని వంచి, పక్క గోడమీదుగా మెల్లగా, బీరు పోసినట్టే పోయండి. ఫ్రాన్స్‌లోని రాన్స్ విశ్వవిద్యాలయంలో జెరార్ లిజే బెలేర్ బృందం 2010లో దీన్ని కొలిచి చూసింది. నిలబెట్టిన గ్లాసు మధ్యలో పోసినదానికంటే ఇలా పోసినదాంట్లో గ్యాస్ ఎక్కువ మిగిలింది, వైన్ చల్లగా ఉన్నకొద్దీ పోసేటప్పుడు పోయే గ్యాస్ తగ్గింది.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష. బుడగలు రావడం లేదంటే వెంటనే వైన్‌ని అనుమానించకండి. గ్లాసులో సబ్బు జిడ్డు మిగిలి ఉంటే బుడగలు చచ్చిపోతాయి. గ్లాసుని వట్టి వేడినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పోసి చూడండి. గుడ్డనుంచి అంటుకునే కంటికి కనపడని పోగుల దగ్గరే బుడగలు పుడతాయి.

5. ఇప్పుడు రుచి చూడండి

ఈ మెట్టు మీద తొందరపడకండి. పది నిమిషాలు చాలు, కానీ మధ్యలో ఫోన్ పట్టుకోవద్దు. రెండు బాటిళ్లుంటే ఇంట్లో ఇంకొకరితో న్యూస్‌పేపర్ చుట్టించి 1, 2 అని రాయించండి. పేరు, ధర కనపడకపోతే మీ నాలుక చెప్పింది మీరే నమ్ముతారు. తక్కువ ధరదే ఎక్కువ నచ్చడం ఇలాంటప్పుడు మామూలే.

మొదట వాసన. గ్లాసులో మూడో వంతు మాత్రమే పోసి, ముక్కు దగ్గర పెట్టండి. ప్రొసెకోలో పచ్చి ఆపిల్, బేరిపండు, తెల్లపూల వాసన రావాలి. కావా వైన్‌లో నిమ్మతొక్క, బాదం, కొద్దిగా మట్టివాసన. నాసిక్ బాటిళ్లలో చెనిన్ బ్లాంక్ ద్రాక్ష తరచుగా ఉంటుంది, దాని పులుపు, ఆపిల్ వాసన తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. ఈ పేర్లలో ఒక్కటీ తట్టకపోతే బెంగ అక్కర్లేదు. "తాజాగా ఉందా, మగ్గినట్టుందా" అన్నది తేల్చుకోండి, అది చాలు.

చెడిన వాసనలు మాత్రం గుర్తుంచుకోండి. తడిసిన అట్టముక్క, ముక్కిన గోనెసంచి వాసన వస్తే బిరడా వల్ల పాడైనట్టు. వెనిగర్ వాసన వస్తే పులిసిపోయినట్టు. రంగు ముదిరి, ఉడికిన పండు వాసన వస్తే ఎండ దెబ్బ తగిలినట్టు. ఇవేవీ కాక్‌టెయిల్‌లో దాగవు. షాపువాళ్లు మార్చి ఇస్తే సరే, లేకపోతే పారబోయండి. అగ్గిపుల్ల గీసిన వాసన కొద్దిగా వస్తే మాత్రం ఐదు నిమిషాలు ఆగండి, చాలాసార్లు అదే పోతుంది.

తర్వాత మొదటి గుటక. దాన్ని లెక్కలోకి తీసుకోకండి, నోరు అలవాటు పడటానికే అది. రెండో గుటకని నోట్లో నాలుగైదు సెకన్లు ఉంచి నాలుగు విషయాలు చూడండి.

- తీపి: నోట్లో తెలుస్తుందా? మింగాక పెదాలు జిగటగా అనిపిస్తే తీపి ఎక్కువే.
- పులుపు: నోట్లో నీళ్లు ఊరుతున్నాయా? ఊరితే మంచిది. చవక వైన్‌కి ప్రాణం ఈ పులుపే.
- చేదు, వగరు: మింగాక గొంతులో ఏమైనా మిగులుతోందా?
- బుడగలు: సన్నగా నురగలా ఉన్నాయా, సోడాలా గుచ్చుతున్నాయా?

బుడగలు, చల్లదనం తీపిని కొంత కప్పేస్తాయి. అందుకే ఒక గ్లాసుని పావుగంట బయట పెట్టి మళ్లీ తాగి చూడండి. మొదట బాగుండి, వెచ్చబడ్డాక జిగటగా, చప్పగా మారితే ఆ బాటిల్‌ని ఉత్తగా వడ్డించే ఆలోచన మానుకోండి. వెచ్చబడ్డా బాగుంటే మీకు ధరకు మించిన బాటిల్ దొరికింది.

ఇప్పుడు రెండు ఉప్పు పల్లీలు తిని ఒక గుటక వేయండి. ఉప్పు తగిలాక పుల్లటి వైన్ ఒక్కసారిగా మెత్తబడి పండు రుచి పైకి వస్తుంది. తర్వాత రెండు చెంచాల వైన్ ఒక చిన్న గ్లాసులోకి తీసి, రెండు చుక్కల నిమ్మరసం, నాలుగు చుక్కల చక్కెర నీళ్లు కలిపి చూడండి. రుచి నిలబడితే అది కాక్‌టెయిల్‌కి పనికొచ్చేదే. నిమ్మరసం తప్ప ఇంకేం తెలియకపోతే అది బలం లేని వైన్, తేలికపాటి పానీయాలకే వాడండి.

కారం గురించి ఒక మాట. మిరపకాయ బజ్జీ, చికెన్ 65 పక్కన బ్రూట్ పెడితే బుడగలు మంటను ఇంకా పెంచుతాయి. కారం తినేవాళ్లకి ఎక్స్‌ట్రా డ్రై గానీ డెమి సెక్ గానీ ఇవ్వండి. ఉప్పుగా, కరకరలాడేవాటికి, అంటే చెక్కలు, అప్పడాలు, ఆలూ చిప్స్‌కి, బ్రూట్ చాలా బాగుంటుంది.

6. ఏ బాటిల్ దేనికో తేల్చండి

పుల్లగా, తీపి లేకుండా, శుభ్రంగా ఉంటే ఫ్రెంచ్ 75 అనే జిన్, నిమ్మరసం కాక్‌టెయిల్‌కి గానీ, పండ్లరసం కలిపేవాటికి గానీ. పూల వాసనతో మెత్తగా, కాస్త తీపిగా ఉంటే స్ప్రిట్జ్ అనే కాక్‌టెయిల్‌కి, ఎందుకంటే అందులో కలిపే చేదు మద్యానికి ఆ తీపి సరిజోడు. బ్రెడ్, బాదం వాసన బాగా వస్తుంటే ఏమీ కలపకండి, దాన్ని అలాగే తాగండి. బాగా తీపిగా ఉంటే పెద్ద ఐస్ ముక్కలు, నిమ్మచెక్క వేసి ఇవ్వండి. అప్పటికీ తీపి అనిపిస్తే పండ్ల ముక్కల మీద పోసి వడ్డించండి.

7. కాక్‌టెయిల్ కలపండి

ముందు అన్నింటికీ వర్తించే నియమాలు చెబుతాను. స్పార్క్లింగ్ వైన్‌ని షేకర్‌లో (మూత పెట్టి ఊపి కలిపే డబ్బాలో) ఎప్పుడూ పోయొద్దు, ఒత్తిడికి మూత ఎగిరిపోతుంది. షేక్ చేయాల్సిన మిగతావి షేక్ చేసి గ్లాసులో వడగట్టాకే వైన్ పోయండి. పోశాక గిరగిరా కలపొద్దు. చెంచాని అడుగుదాకా దింపి ఒక్కసారి మెల్లగా పైకి ఎత్తితే చాలు. జగ్గులో ముందే కలిపి పెట్టుకోవద్దు, అతిథి వచ్చాకే ఒక్కో గ్లాసు చేయండి.

ఫ్రెంచ్ 75: జిన్ 30 మి.లీ., నిమ్మరసం 15, చక్కెర సిరప్ 15. వీటిని ఐస్‌తో షేక్ చేసి వడగట్టి, పైన 60 మి.లీ. బ్రూట్ పోయాలి. మన చిన్న నిమ్మకాయ, అమెరికాలో దొరికే పసుపు లెమన్ కంటే ఘాటు. దానితో చేస్తే 10 మి.లీ.తో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ పెంచండి. సిరప్ కోసం చక్కెర, వేడినీళ్లు సమానంగా తీసుకుని కరిగేదాకా కలిపి చల్లార్చండి. తీగపాకం దాకా వెళ్లొద్దు. చవక బాటిల్‌కి ఇంతకంటే మంచి పని ఇంకోటి లేదని నా నమ్మకం. జిన్, నిమ్మ కలిసి వైన్‌లో లేని బలాన్ని ఇస్తాయి, వైన్ తన పులుపుని, బుడగల్ని ఇస్తుంది.

స్ప్రిట్జ్: పెద్ద గ్లాసు నిండా ఐస్, ప్రొసెకో 90 మి.లీ., ఆపెరోల్ అనే చేదు మద్యం 60, సోడా 30. వైన్ ముందు పోసి, ఆపెరోల్ దానిమీద పోస్తే అదే కిందికి దిగి కలుస్తుంది. ఆపెరోల్ దొరక్క కాంపారీ వాడితే 30 మి.లీ.తో ఆపండి, దాని చేదు చాలా ఎక్కువ. ఐస్ తక్కువ వేస్తే తొందరగా కరిగి నీళ్లగా అయిపోతుంది. గ్లాసు నిండా వేయడమే సరైన పద్ధతి.

మామిడి బెల్లిని: అసలు బెల్లినిని వెనిస్‌లోని హ్యారీస్ బార్‌లో జుసెప్పె చిప్రియాని తెల్ల పీచ్ పండు గుజ్జుతో చేశాడు. గుజ్జు ఒక వంతు, ప్రొసెకో రెండు వంతులు. అమెరికాలో ఉన్నవాళ్లు పీచ్‌తోనే చేయండి. వేసవిలో హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉన్నవాళ్లకి మామిడి ఉండగా పీచ్ వెతకాల్సిన పనేముంది? బంగినపల్లి గుజ్జు చిక్కన, అలాగే పోస్తే అడుగున ముద్దలా కూర్చుంటుంది. నాలుగు చెంచాల గుజ్జుకి ఒక చెంచా చల్లటి నీళ్లు, అర చెంచా నిమ్మరసం కలిపి మిక్సీ పట్టి, జల్లెడలో వడగట్టండి. రసాలైతే పీచు ఎక్కువ కాబట్టి రెండుసార్లు వడగట్టండి. గ్లాసులో 30 మి.లీ. గుజ్జు, దానిమీద 100 మి.లీ. బ్రూట్. ఒకేసారి పోస్తే నురగ పొంగి బల్లంతా పారుతుంది. మూడో వంతు పోసి, ఆగి, మెల్లగా కలిపి, మిగతాది పోయండి. డబ్బా మామిడి రసం వాడొద్దు, అందులో ఉన్న చక్కెరకి వైన్ రుచి మునిగిపోతుంది.

మిమోసా: ఆరెంజ్ జ్యూస్, వైన్ సమపాళ్లలో కలపడం మామూలు పద్ధతి. నాకు జ్యూస్ ఒక వంతు, వైన్ రెండు వంతులు నచ్చుతుంది. బత్తాయితోనూ చేయొచ్చు, కానీ బత్తాయి రసం పిండిన కాసేపటికే చేదెక్కుతుంది. గ్లాసు కలిపే ముందే పిండండి, గింజలు నలగనివ్వకండి.

కిర్ రాయల్: క్రెమ్ ద కసీస్ అనే, బ్లాక్‌కరెంట్ పండ్లతో చేసే తియ్యటి లిక్కర్ 10 మి.లీ., బ్రూట్ 90. ఫ్రాన్స్‌లో దిజోన్ నగరానికి మేయర్‌గా పనిచేసిన ఫెలిక్స్ కిర్ పేరు మీద వచ్చింది. ఆ లిక్కర్ దొరక్కపోతే నేరేడుపళ్ల సీజన్‌లో గుజ్జుని సమానంగా చక్కెరతో ఐదు నిమిషాలు ఉడికించి వడగట్టి వాడండి. 10 మి.లీ. మించితే నేరేడు వగరు పైకి వస్తుంది.

మద్యం తాగనివాళ్లకి ఇవే గుజ్జులు, సిరప్‌లు చల్లటి సోడాతో కలిపి అదే గ్లాసులో ఇవ్వండి.

8. ఫలితం సరిచూసుకోండి

మొదటి గ్లాసు మీరే తాగండి, తర్వాతే అతిథులకి చేయండి.

రెండు నిమిషాలు ఆగి చూసినా బుడగలు పైకి వస్తూ ఉండాలి. ఆగిపోతే కలిపినవాటిలో ఏదో వెచ్చగా ఉండి ఉంటుంది, లేదా ఎక్కువ కలిపి ఉంటారు. మరీ తీపిగా ఉంటే సోడా పోయకండి, పలచబడుతుంది తప్ప తీపి తగ్గినట్టు అనిపించదు. నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి. మరీ పుల్లగా ఉంటే అర చెంచా సిరప్. చేదుగా ఉంటే చిటికెలో సగం ఉప్పు వేసి చూడండి, చేదు అణుగుతుంది. వైన్ రుచే తెలియకపోతే తర్వాతి గ్లాసులో మిగతావి మూడో వంతు తగ్గించండి.

బలం కూడా లెక్క వేసుకోండి. 12 శాతం వైన్ 125 మి.లీ. గ్లాసులో 15 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది. పైన చెప్పిన ఫ్రెంచ్ 75లో జిన్, వైన్ కలిసి దాదాపు 20 మి.లీ. అవుతుంది. చిన్న గ్లాసు, తియ్యటి రుచి, అందుకే తెలియకుండా రెండు మూడు దిగిపోతాయి. మధ్యలో మంచినీళ్లు పెట్టండి, తాగినవాళ్ల చేతికి బండి తాళం ఇవ్వకండి.

ఎన్ని బాటిళ్లు కొనాలన్న ప్రశ్న కూడా తరచూ వస్తుంది. ఒక 750 మి.లీ. బాటిల్ ఉత్తగా అయితే 6 గ్లాసులు, మామిడి బెల్లిని అయితే 7, స్ప్రిట్జ్ అయితే 8, ఫ్రెంచ్ 75 అయితే 12 వస్తాయి. నురగకి, ఒలికినదానికి ఒక గ్లాసు తీసేసి లెక్కేసుకోండి.

9. మిగిలితే

బాటిల్ మూతిలో స్టీలు చెంచా వేలాడదీస్తే గ్యాస్ నిలుస్తుందని చాలామంది చెబుతారు. నిలవదు. క్లిప్పుల మూత పెట్టి వెంటనే ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మర్నాటికి బాగుంటుంది, మూడో రోజుకి ప్రొసెకో చప్పబడిపోతుంది, కావా ఇంకొంచెం ఆగుతుంది. గ్లాసుల్లో మిగిలినదాన్ని తిరిగి బాటిల్‌లో పోయకండి.

గ్యాస్ పోయిన వైన్‌తో కాక్‌టెయిల్ చేయడానికి ప్రయత్నించొద్దు, సోడా కలిపినా ఆ రుచి తిరిగి రాదు. కప్పు వైన్‌కి కప్పు చక్కెర వేసి, సన్నమంట మీద మూడో వంతు తగ్గేదాకా మరిగించండి. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం పది రోజులు ఉంటుంది. తర్వాతి బాటిల్ తెరిచినప్పుడు ఫ్రెంచ్ 75లో మామూలు సిరప్ బదులు ఇదే వాడండి. ఇందులో వైన్ పులుపు ఉంటుంది కాబట్టి నిమ్మరసం కొంచెం తగ్గించండి.